ఫ్లాట్‌లో మొదటి మొక్క: మనీ ప్లాంటా, స్నేక్ ప్లాంటా, ఇంకేదైనానా?

నేను చంపిన మొదటి మొక్క స్నేక్ ప్లాంట్. అదెంత ఘనకార్యమో మొక్కలు పెంచేవాళ్ళకి తెలుస్తుంది. "ఇది చావమన్నా చావదు మేడమ్" అని చెప్పి మరీ అమ్ముతారు దాన్ని. కొత్త ఫ్లాట్‌లోకి మారిన మొదటి నెల అది. కుండీని టీవీ పక్కన పెట్టాను. పొద్దున్నే దీపం పెట్టాక తులసికి నీళ్ళు పోసే అలవాటు కదా, అదే చేత్తో దీనికీ ఒక గ్లాసు. నెల దాటాక ఆకులు పసుపుబారాయి. నీళ్ళు చాలట్లేదేమో అనుకుని రెండో గ్లాసు మొదలుపెట్టాను. ఒకరోజు దుమ్ము తుడుద్దామని ఆకు పట్టుకుంటే మొదలంటా ఊడి చేతిలోకొచ్చింది. అడుగున జిగురుగా, ఫ్రిజ్‌లో వెనకాల మరిచిపోయిన ఉల్లిపాయ వాసన. మట్టి తవ్వితే లోపలి దుంప వేలితో నొక్కగానే నలిగిపోయింది.

అప్పట్నుంచి ఎవరైనా "ఈజీగా బతికే మొక్క ఒకటి చెప్పు" అంటే, పేరు చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడ పెడతారు? మీరు రోజూ నీళ్ళు పోయకపోతే తోచని మనిషా, పది రోజులకోసారి గుర్తొచ్చే మనిషా? ఈ రెండూ తేలాక ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇంట్లో పెట్టిన మొక్కలు నీళ్ళు లేక చచ్చేదానికంటే నీళ్ళు ఎక్కువై చచ్చేదే ఎక్కువ. ముద్దు చేసి చంపుతాం మనం.

ముందు వెలుతురు సంగతి

"మా హాల్లో బోలెడంత వెలుతురు వస్తుంది" అని అందరూ అంటారు. మన కన్ను చీకటికి ఇట్టే అలవాటుపడిపోతుంది కాబట్టి దాని మాట నమ్మకూడదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండలో వెలుతురు లక్ష లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) దాకా ఉంటే, మన హాల్లో సోఫా వెనక మూలకి చేరేది ఒక వందో రెండొందలో. మొక్కకి అది దాదాపు ఉపవాసం.

కొలవడానికి యాప్‌లేమీ అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు ఆ ప్రాంతంలో, లైట్లు ఆర్పేసి, కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరచండి. దానికి జానెడు పైన చెయ్యి పట్టండి. అయిదు వేళ్ళూ విడివిడిగా కనిపించేలా నీడ పడితే మంచి వెలుతురు. చెయ్యి అని తెలుస్తుంది కానీ వేళ్ళు కలిసిపోయినట్టుంటే మధ్యరకం. నీడ ఉందో లేదో అన్నట్టుంటే అది మసక చోటు, అక్కడ రెండు మూడు రకాలు తప్ప ఏవీ నిలవవు. నీడే పడకపోతే అక్కడ ఇత్తడి ఉరుళి పెట్టుకుని పూలు వేసుకోవడం మేలు. మొహమాటానికి కూడా మొక్క పెట్టకండి.

కిటికీ దిక్కు కూడా చూసుకోండి. తూర్పు కిటికీ అన్నిటికంటే మంచిది, పొద్దుటి లేత ఎండ మొక్కల్ని అంతగా కాల్చదు. ఉత్తరం వైపు ఏడాదంతా ఒకేరకం మెత్తటి వెలుతురు. దక్షిణం కిటికీలోంచి మన దగ్గర చలికాలంలోనే ఎండ లోపలికి ఏటవాలుగా వస్తుంది, ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి అంతగా రాదు. పడమర కిటికీతోనే జాగ్రత్త. మే నెల సాయంత్రం విజయవాడలో పడమటి గ్రిల్ పక్కన కుండీ పెడితే ఆకుల మీద కాఫీ రంగు మచ్చలు రెండు రోజుల్లో వస్తాయి. మధ్యలో పల్చటి తెర వేస్తే సరిపోతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో పడగ్గది కిటికీ పక్క బిల్డింగ్ గోడకో డక్ట్‌లోకో తెరుచుకుంటుంది. అది ఏ దిక్కైనా మసక చోటు కిందే లెక్క.

నీళ్ళు పోయకపోతే తోచనివాళ్ళకి

మీరు నాలాంటివాళ్ళైతే స్నేక్ ప్లాంట్ జోలికి ముందే వెళ్ళకండి. మనీ ప్లాంట్‌తో మొదలుపెట్టండి, అదీ మట్టిలో కాదు, నీళ్ళ సీసాలో. నీళ్ళల్లోనే ఉండేదానికి నీళ్ళు ఎక్కువయ్యే గొడవే లేదు. తీగ మీద కణుపు దగ్గర గోధుమరంగు చిన్న బుడిపె ఉంటుంది, వేరు పుట్టేది అక్కడే. ఆ బుడిపె నీళ్ళలో మునిగేలా, ఆకు మాత్రం మునగకుండా పెట్టాలి. రెండు వారాల్లో తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. ఒట్టి ఆకు తెచ్చి పెడితే వేరు వచ్చినా తీగ రాదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పక్కింట్లో దొంగతనంగా తుంచుకొస్తేనే కలిసొస్తుందంటారు కదా, తుంచేటప్పుడు కణుపు చూసి తుంచండి.

సీసాలో పెట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. నీళ్ళు వారానికోసారి పూర్తిగా పారబోసి, సీసా లోపల కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవ్వడానికి సుమారు ఎనిమిది పది రోజులు చాలు. ఆరోగ్య శాఖవాళ్ళు శుక్రవారం డ్రై డే అని చెప్తుంటారు కదా, ఆ రోజే ఈ పని కూడా పెట్టేసుకుంటే మరిచిపోం. లక్కీ బాంబూకీ ఇదే వర్తిస్తుంది. అన్నట్టు అది వెదురే కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా జాతి మొక్క. రెంటినీ పక్కపక్కన పెడితే నా ఓటు మనీ ప్లాంట్‌కే. లక్కీ బాంబూ కాండం ఒకసారి పసుపుబారిందంటే మళ్ళీ పచ్చబడదు. మనీ ప్లాంట్‌లో ఒక తీగ పోయినా ఇంకో కణుపు కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

మనీ ప్లాంట్‌లోనే రంగులు చాలా ఉన్నాయి. నర్సరీలో తెల్లచారలున్న మార్బుల్ రకం కనిపించగానే మనసు లాగుతుంది. కానీ ఆకులో తెల్లభాగం ఎంత ఎక్కువైతే పచ్చదనం అంత తక్కువ, అంటే అదే ఆకుకి ఎక్కువ వెలుతురు కావాలి. మసక చోట పెడితే నెమ్మదిగా ఎదుగుతుంది, చారలూ తగ్గిపోతాయి. మొదటిసారికి మామూలు ఆకుపచ్చ, పసుపు కలిసినదే తీసుకోండి.

మట్టి కుండీయే కావాలి, నీళ్ళు పోయకుండా ఉండలేను అంటారా? అయితే పీస్ లిల్లీ. దీన్ని నేను టీచరమ్మ అంటాను. దాహమేస్తే తనే చెప్తుంది. ఒకసారి సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులకి వచ్చేసరికి ఆకులన్నీ తడిబట్టలా కుండీ అంచు మీద వాలిపోయి ఉన్నాయి. అయిపోయిందనుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి రెండు చెంబుల నీళ్ళు పోసి, కింద కారిందాకా ఆగి, సామాన్లు సర్దుకోవడంలో పడ్డాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఒక్కో కాడా లేచి నిలబడుతోంది. అంచులు నాలుగు మాడిపోయాయి, అంతే. వాలినప్పుడే నీళ్ళు అన్న నియమం పెట్టుకుంటే ఒక నెలలో మీ చేతికి లెక్క తెలిసిపోతుంది. అయితే తడిమట్టిలో ఉండి కూడా వాలిపోతే మాత్రం అది దాహం కాదు, వేరు కుళ్ళు. అప్పుడు ఇంకో చెంబు పోయడమే హత్య.

మసక గదిలో నీడకి ఓర్చుకుంటుంది కానీ పూలు పూయదు. పూల కోసం కొంటే కిటికీ దగ్గరకి జరపాలి.

మరిచిపోయేవాళ్ళకి

ఆఫీసు, ట్రాఫిక్, వారాంతం ఊరు. మొక్కలు ఎప్పుడో గుర్తొస్తాయి. మీకు స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ రెండే నిజమైన పోటీదారులు. నర్సరీ కుర్రాళ్ళు రెండోదాన్ని జీజీ అంటారు, అలా అడిగినా ఇస్తారు.

స్నేక్ ప్లాంట్ మనకి మరీ పరాయిది కాదు. దాని దగ్గరి చుట్టం చాగ మన మెట్టల్లో పెరిగే మొక్కే, ఒకప్పుడు దాని ఆకుల నుంచి నార తీసి అల్లెతాళ్ళు పేనేవాళ్ళు. నర్సరీలో దొరికే రకం పశ్చిమ ఆఫ్రికాది. శాస్త్రజ్ఞులు 2017 నుంచి దీన్ని సాన్సివేరియా అనడం మానేసి డ్రసీనాల్లో కలిపారు, కానీ పాత లేబుళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆకు దళసరి, నీళ్ళు దాచుకుంటుంది. నేల కింద అడ్డంగా పాకే దుంప ఉంటుంది. జెడ్‌జెడ్‌ది తూర్పు ఆఫ్రికా. కుండీలోంచి తీసి చూస్తే చిన్న బంగాళాదుంపల్లాంటివి ఉంటాయి, అవే దాని ట్యాంకులు.

రెంటికీ నీళ్ళు ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి, వానాకాలం చలికాలాల్లో మూడు వారాలకోసారి చాలు. తేడా ఎక్కడంటే, స్నేక్ ప్లాంట్ పొద్దుటి ఎండని కూడా తట్టుకుంటుంది, బాల్కనీకి మార్చినా పర్వాలేదు. జెడ్‌జెడ్‌కి నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది, కానీ మసక చోట స్నేక్ ప్లాంట్ కంటే మెరుగ్గా ఉంటుంది. స్నేక్ ప్లాంట్ నిటారుగా పెరుగుతుంది కాబట్టి షూ ర్యాక్ పక్కన జానెడు సందులోనూ ఒదుగుతుంది. జెడ్‌జెడ్ కాడలు చుట్టూ విచ్చుకుంటాయి, దానికి నడక దారికి అడ్డం లేని చోటు కావాలి. డబ్బు మాటకొస్తే జెడ్‌జెడ్ ఖరీదెక్కువ, ఎందుకంటే ఎదుగుదల మరీ నిదానం. ఆకు గుచ్చితే దుంప కట్టడానికే నెలలు పడుతుంది. కాబట్టి మధ్యరకం వెలుతురు ఉంటే స్నేక్ ప్లాంటే తీసుకోండి, మిగిలిన డబ్బుతో చిల్లులున్న మంచి కుండీ కొనండి. నిజంగా మసక గది అయితేనే జెడ్‌జెడ్.

స్నేక్ ప్లాంట్ అంచు పసుపురంగులో ఉన్న రకం ముద్దుగా ఉంటుంది. దాని ఆకు ముక్కలు నాటితే పుట్టే పిల్లకి పసుపు అంచు రాదు, ఒట్టి ఆకుపచ్చే వస్తుంది. రంగు కావాలంటే పిలక విడదీసి నాటుకోవాలి.

రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందని పడగ్గదిలో పెట్టమనే సలహా మీకూ వచ్చే ఉంటుంది. స్నేక్ ప్లాంట్ ఎడారి మొక్కల పద్ధతిలో రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది, నిజమే. ఆక్సిజన్ తయారయ్యేది మాత్రం వెలుతురులోనే. అలాగే గాలిని శుభ్రం చేస్తాయన్న మాట నాసా 1989 అధ్యయనం నుంచి వచ్చింది. అది మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసిన ప్రయోగం. 2019లో ఇలాంటి ప్రయోగాలన్నీ లెక్కగట్టి చూసిన పరిశోధకులు, మామూలు ఇంట్లో గాలి మార్పుతో సమానం కావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. మొక్క చూడ్డానికి బాగుంటుందని కొనుక్కోండి, గాలికి కిటికీ తీయండి.

ఈజీ అనుకుని మోసపోయేవి

కలబందది మొదటి పేరు. మన ఊళ్ళల్లో గుమ్మానికి దిష్టి కోసం తలకిందులుగా కడతాం. మట్టీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి వంకర తిరిగి పైకి చూస్తూ పువ్వు కూడా వేస్తుంది. అది చూసి ఇంత మొండిది ఇంట్లో బతకదా అనుకుంటాం. గుమ్మం దగ్గర దానికి దొరికేది వెలుతురు. హాలు మూలలో అదే కలబంద ఆకులు పల్చబడి, సాగి, పక్కకి పడిపోతాయి. ఎండ వచ్చే బాల్కనీ ఉంటే దీన్ని మించింది లేదు, లేకపోతే వద్దు. తులసి సంగతి కూడా అంతే, రోజుకి అయిదారు గంటల ఎండ లేకపోతే కొమ్మలు సన్నబడి రాలిపోతుంది. ఇంట్లో తులసి ఎండిపోయిందని టెన్షన్ పడేవాళ్ళు ముందు దాని మీద ఎండ ఎన్ని గంటలు పడుతోందో చూసుకోవాలి.

రెండోది అరెకా పామ్. ప్రతి సోఫా ప్రకటనలో ఇదే నిలబడి ఉంటుంది. మంచి వెలుతురూ తేమా ఉన్న గదిలో బాగానే పెరుగుతుంది. కానీ రోజంతా ఏసీ వేసే గదిలో ఆకు కొనలు ఎండి, అడుగున కంటికి ఆనని ఎర్రనల్లి పడుతుంది. ఆకు వెనక తెల్లకాగితం పెట్టి తడితే నడిచే చుక్కలు కనిపిస్తాయి. మొదటి మొక్కగా ఇది నేను చెప్పను, రెండో ఏడాది కొనుక్కోండి.

క్రోటన్‌ల రంగులన్నీ ఎండతో వచ్చినవే, ఇంట్లోకి తేగానే ఆకులు రాల్చేస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కరివేపాకుని చలికాలం ఇంట్లో ఎలా కాపాడుకోవాలని అడుగుతుంటారు. అది వేరే యుద్ధం, మొదటిసారివాళ్ళది కాదు.

స్పైడర్ ప్లాంట్ మాత్రం నిజంగానే తేలిక, కాకపోతే మన నీళ్ళు దానికి పడవు. ఆకు కొనలు గోధుమరంగులోకి మారితే అందరూ ఇంకాస్త నీళ్ళు పోస్తారు. అసలు కారణం చాలాసార్లు బోరు నీళ్ళలోని ఉప్పులు, ఫ్లోరైడ్. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది! డ్రసీనా జాతివాటికీ ఇదే బాధ. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా అవుతున్నాయని కుండీల్లో పోసేవాళ్ళున్నారు, అందులో ఉప్పులు ఇంకా ఎక్కువ. దాంతో గచ్చు కడుక్కోండి. ఎండాకాలంలో ఏసీ పైపు కింద బకెట్ పెడితే వచ్చే నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు, ఈ మొక్కలకి అవి బాగా నప్పుతాయి. వానాకాలంలో వాన నీళ్ళు ఉండనే ఉన్నాయి.

పిల్లలూ పిల్లులూ ఉన్న ఇల్లు

ఇక్కడ లెక్క మారిపోతుంది. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్, అగ్లోనిమా, సింగోనియం, ఇవన్నీ నమిలితే నోరూ గొంతూ మండుతాయి. చేమదుంప పచ్చిగా తగిలితే దురద పెడుతుంది కదా, అదే కాల్షియం ఆక్సలేట్ సూదులు వీటిలోనూ ఉంటాయి. స్నేక్ ప్లాంట్, కలబంద తిన్నా కుక్కలకీ పిల్లులకీ వాంతులవుతాయి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నేలమీద ఇవేవీ వద్దు. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ రెంటితో ఆ భయం లేదు. స్పైడర్ ప్లాంట్‌ని వేలాడే కుండీలో పెడితే పిల్లి ఎగిరి ఆకులు కొరికినా మొక్కకే నష్టం.

నర్సరీలో చూడాల్సింది

మా అత్తగారిది రాజమండ్రి. వెళ్ళినప్పుడల్లా కడియం నర్సరీల్లో ఒక పూట తిరగకుండా రాము. అక్కడ లారీలకెక్కించే మొక్కలే హైదరాబాద్ నర్సరీల్లోకీ, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాల్లోకీ చాలావరకు వస్తుంటాయి. మేళాలో వంద స్టాళ్ళు చూసేసరికి చెయ్యి ఊరుకోదు, అయినా మొదటిసారి ఒకటి, మహా అయితే రెండు.

పైన ఆకులు నీళ్ళు చల్లి మెరిపిస్తారు, అవి చూసి ఏమీ తెలీదు. ఆకు తిప్పి వెనక చూడండి, కాడ మొదట్లో దూదిపింజలా తెల్లగా ఉంటే పిండినల్లి, దాన్ని అక్కడే వదిలేయండి. కుండీ కొద్దిగా ఊపండి. మొక్క మొదలంటా కదిలితే నిన్నో మొన్నో నాటినదని అర్థం. స్నేక్ ప్లాంట్ అయితే ఆకు అడుగుభాగం వేలితో నొక్కండి, గట్టిగా ఉండాలి. మొదటిసారి నేను నొక్కి చూళ్ళేదు, తర్వాత ఒక్కసారీ మానలేదు.

ఇంటికి తెచ్చాక ఆ రోజే పింగాణీ కుండీలోకి మార్చాలని తొందరపడతాం. రెండు వారాలు నల్ల కవర్లోనే ఉండనివ్వండి, ఇంటి వెలుతురుకి అలవాటుపడాలి. కిందాకులు ఒకటి రెండు పండి రాలితే కంగారు పడకండి. మార్చేటప్పుడు చూడాల్సింది వేరుచుట్టూ ఉన్న మట్టి. దూరం వెళ్ళే మొక్కలకి బంకమట్టి ముద్ద కట్టి పంపుతారు, లారీలో విడిపోకుండా. అది ఎండితే రాయి, తడిస్తే రోజుల తరబడి బురద. బకెట్ నీళ్ళలో నానబెట్టి, వేళ్ళు తెగకుండా సగమైనా కడిగేసి, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమపాళ్ళలో కలిపి నాటండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకైతే కోకోపీట్ తగ్గించి ముతక ఇసుక ఇంకో పాలు వేయాలి. అడుగున చిల్లు లేని అందమైన కుండీ ఉంటే, లోపల చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ పెట్టి వాడుకోండి. నీళ్ళు పోసిన అరగంటకి పైకెత్తి అడుగున నిలిచినవి పారబోయాలి.

ఇక ఎప్పుడు నీళ్ళు పోయాలో తెలియడానికి, దేవుడి దగ్గర కాలిపోయిన అగరొత్తి పుల్ల ఒకటి దాచుకోండి. దాన్ని మట్టిలోకి అడుగుదాకా గుచ్చి, ఒక నిమిషం ఆగి తీయండి. పుల్లకి మట్టి అంటుకుని చల్లగా వస్తే చెంబు పక్కన పెట్టేయండి. పొడిగా వస్తే మనీ ప్లాంట్‌కీ పీస్ లిల్లీకీ ఇవాళే పోయొచ్చు. స్నేక్ ప్లాంట్‌కీ జెడ్‌జెడ్‌కీ ఇంకో నాలుగు రోజులు ఆగండి. నేను ఇప్పటికీ ఆ పుల్ల చూశాకే పోస్తాను.